మా కాఫీ సంఘం ఫెయిర్ ట్రేడ్‌లోకి వెళ్ళిన కథ (నా అనుభవం)

ఫెయిర్ ట్రేడ్ అంటే రైతుకి సరైన రేటు ఇచ్చి కొన్న సరుకు అని ముద్ర వేసే పద్ధతి. దాని వల్ల రైతుకి నిజంగా ఏమైనా మిగులుతుందా అని ఎవరైనా అడిగితే ఒక్క ముక్కలో చెప్పలేను. అవును అంటే సగం అబద్ధం, లేదు అంటే అన్యాయం. అందుకే మా సంఘం ఆ సర్టిఫికెట్ కోసం పడ్డ తిప్పలు, తెచ్చుకున్నాక ఏం జరిగిందో మొదటి నుంచి రాస్తున్నా, కొంచెం పెద్దగానే ఉంటుంది, ఓపికగా చదవండి.

నేను 2017 నుంచి ఒక చిన్న కాఫీ రైతుల సంఘంలో లెక్కలు చూస్తున్నా. అప్పటికి 210 కుటుంబాలు, అందరివీ కొండవాలు మీద చిన్న చిన్న తోటలే. అందరిదీ కలిపితే ఏడాదికి ఒక 60 టన్నుల పచ్చి (వేయించని) గింజ వచ్చేది, అంటే కుటుంబానికి మూడు వందల కిలోలు కూడా లేదు. సంఘం ఉందన్న మాటే గానీ అమ్మకం అంతా దళారి చేతిలోనే ఉండేది.

ఎందుకో కాఫీ తెలియనివాళ్ళకి చెప్పాలి. కాఫీ పండు కోసాక ఆ రోజే పైతోలు తీసెయ్యాలి, లేకపోతే పులిసిపోయి రుచి పాడైపోతుంది. తోలు తీసే పల్పర్ మిషన్ ఎవరి ఇంట్లోనూ లేదు. కాబట్టి పొద్దున్నుంచి కోసిన పండులో చాలావరకు సాయంత్రానికి ఎవరో ఒకరికి అమ్మి తీరాలి, ఈ రేటు నచ్చలేదు రేపు చూద్దాం అనే వీలే లేదు. దానికి తోడు కోతకి ముందు నాలుగు నెలలు చేతిలో చిల్లిగవ్వ ఉండదు, అప్పుడు అడ్వాన్స్ ఇచ్చేది ఆ దళారే, కోత రాగానే పండు ఆయన కాటా మీదకే వెళ్ళాలి. నేను చేరిన మొదటి సీజన్‌లో ఆ కాటా దగ్గర నిలబడి చూసా. గోనె పెట్టగానే ముల్లు ఇంకా ఊగుతూనే ఉంటుంది, అది ఆగేలోపే నలభై రెండు అని అరిచి దించేస్తారు. ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని "అమ్మాయ్, ఆ ముల్లు ఎక్కడ ఆగిందో నువ్వన్నా చూసావా" అంది. నేనూ చూడలేదు. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తే.

2017 చివర్లో బయటి దేశం నుంచి కాఫీ కొనే ఒక కంపెనీ మనిషి వచ్చి, మీ గింజ బావుంది, ఫెయిర్ ట్రేడ్ సర్టిఫికెట్ ఉంటే ఏడాదికి ఒక కంటైనర్ (ఓడలో వెళ్ళే పెద్ద పెట్టె) నిండా తీసుకుంటాం అన్నాడు. అప్పటికి మాలో ఎవరికీ ఆ పేరు తప్ప ఇంకేం తెలియదు. తర్వాత ట్రైనింగ్‌కి వచ్చినాయన రెండు రోజులు కూర్చోబెట్టి చెప్పాడు. ఇది మొదలైందే కాఫీ రైతుల దగ్గర అంట. మెక్సికోలో ఒహాకా కొండల్లో యుసిరి అనే చిన్న రైతుల సంఘం, వాళ్ళతో పనిచేసే ఫ్రాన్స్ వాన్ డెర్ హాఫ్ అనే డచ్ చర్చి ఫాదర్, నెదర్లాండ్స్‌లో సాలిడారిడాడ్ సంస్థలో ఉండే నీకో రోజెన్, వీళ్ళందరూ కలిసి 1988లో మాక్స్ హావెలార్ అనే ముద్ర తెచ్చారు. మాకు దానధర్మం వద్దు, మా కాఫీకి సరైన రేటు ఇవ్వండి చాలు అన్నది ఆ రైతుల మాట. ఆ మరుసటి ఏడాది 1989లోనే దేశాల మధ్య ఉన్న కాఫీ ఒప్పందంలో ఏ దేశం ఎంత అమ్మాలో పెట్టిన కోటాలు రద్దయిపోయి ప్రపంచమంతా రేట్లు కుప్పకూలాయి, 2001 నాటికి పౌనుకి (అంటే దాదాపు 450 గ్రాములకి) 50 సెంట్ల లోపుకి, అర డాలర్ లోపుకి పడిపోయింది, అది చాలా దేశాల్లో పండించే ఖర్చుకి కూడా సరిపోదు. వేరు వేరు దేశాల ముద్రలన్నీ కలిసి 1997లో ఒకే సంస్థ అయ్యాయి, ఇప్పుడు ఫెయిర్‌ట్రేడ్ ఇంటర్నేషనల్ అంటున్నది అదే, ఆఫీసు జర్మనీలో బాన్‌లో ఉంది. ఆ సంస్థ సర్వసభ్య సమావేశంలో సగం ఓట్లు రైతుల, కూలీల వైపువే అని చెప్పినప్పుడు వెనక కూర్చున్నవాళ్ళు కూడా తలెత్తి చూసారు.

కానీ మావాళ్ళని కదిలించింది ఇంకో కథ, ఘానాలో కోకో రైతుల సంఘం కువాపా కోకోది. 1993లో పెట్టుకున్నారు. అక్కడా కాటా మోసమే పెద్ద బాధ, అందుకని సంఘం పెట్టుకుని ఊళ్ళో తూకం వేసే మనిషిని రైతులే ఎన్నుకోవడం మొదలుపెట్టారు. 1998లో బ్రిటన్‌లో మొదలైన డివైన్ చాక్లెట్ కంపెనీలో ఆ సంఘానికి వాటా కూడా ఉంది. ఇది విన్నాక ఆ పెద్దావిడ "మనం కూడా ముందు కాటా కొనుక్కుందాం, మిగతావి తర్వాత" అంది. సర్టిఫికెట్ సంగతి తేలకముందే మేం చేసిన మొదటి పని అదే.

ఇక అసలు పని కాగితాలు. అప్లికేషన్ పెట్టడం తేలికే, ఫారం నింపి ఫీజు కట్టాలి, సర్టిఫికెట్ ఇచ్చేది ఫ్లోసర్ట్ అని వేరే సంస్థ, ఫీజు యూరోల్లో ఉంటుంది, మాలాంటి సంఘానికి అది చిన్న మొత్తం కాదు. ప్రతి ఇంటి నుంచి కొంచెం కొంచెం వసూలు చేసి కట్టాం. కట్టేటప్పుడు నాకు చాలా భయం వేసింది, ఆడిట్‌లో తప్పితే ఈ డబ్బు ఎవరికి జవాబు చెప్పాలి అని రాత్రుళ్ళు నిద్ర పట్టేది కాదు. పేదరైతు కోసం పెట్టిన ముద్రకి పేదరైతే ముందు డబ్బు కట్టాల్సి రావడం తప్పే అని నేను అప్పుడూ అన్నా, ఇప్పుడూ అంటా.

తర్వాత ఎనిమిది నెలలు నేను ఇల్లిల్లూ తిరిగా. ఒక్కో సభ్యుడి పేరు, తోట ఎంత, చెట్లు ఎన్ని, నీళ్ళ వాగుకి ఎంత దూరం, ఏ మందు కొడతారు, ఎవరు కొడతారు, కూలీలు ఎంతమంది, అన్నీ రాసుకోవాలి. చాలామందికి వాళ్ళ తోట ఎంతో వాళ్ళకే సరిగ్గా తెలియదు, మా తాత ఆ రాయి నుంచి ఈ చెట్టు దాకా అన్నాడు అంటారు. టేపు పట్టుకుని నడిచి కొలిచాం. ప్రతి కుటుంబానికి పాస్‌బుక్ ఇచ్చాం, పండు పోసిన రోజు, బరువు, రేటు, ఇచ్చిన డబ్బు, పక్కన సంతకం లేదా వేలిముద్ర. పాస్‌బుక్ అనేది పట్టణంలో ఉండేవాళ్ళకి ఏముందిలే అనిపిస్తుంది, కానీ ఇన్నేళ్ళలో వాళ్ళు ఎంత పోసారో రాసి ఉన్న కాగితం వాళ్ళ ఇంట్లోకి రావడం అదే మొదటిసారి. ఒకాయన ఆ పుస్తకాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి దూలానికి వేలాడదీసాడు, వానకి తడవకూడదని.

ఆడిటర్ 2018 అక్టోబర్‌లో వచ్చాడు, నాలుగు రోజులు ఉన్నాడు. నేను ఫైళ్ళన్నీ వరసగా సర్ది పెట్టుకున్నా, ఆయన వాటిని ఒక పూట చూసి, ఇక తోటలకి వెళ్దాం అన్నాడు, సభ్యుల లిస్టులోంచి ఆయనే పేర్లు ఎంచుకున్నాడు, మేం చూపించినవాళ్ళ దగ్గరకి రానన్నాడు. ఒక ఇంట్లో మగాయన్ని బయట ఉండమని ఆవిడతో విడిగా మాట్లాడాడు, కాఫీ డబ్బు ఎవరి చేతికి వస్తుంది, మీటింగ్‌కి మీరు వెళ్తారా, అధ్యక్షుడు ఎవరో తెలుసా అని. ఇంకో ఇంటి పెరట్లో కోళ్ళకి నీళ్ళు పెట్టిన డబ్బా చూసి ఆగిపోయాడు, అది పురుగుమందు ఖాళీ డబ్బా, సగానికి కోసి వాడుతున్నారు. మందు డబ్బాలు నీళ్ళకీ తిండికీ మళ్ళీ వాడకూడదని రూలు. ఆయన గట్టిగా ఏం అనలేదు గానీ ఆ డబ్బాని చేత్తో పట్టుకుని లేబుల్ మీద బొమ్మని ఆ ఇంటాయనకి చూపించి, ఇది కడిగితే పోయేది కాదండి అని చెప్పాడు. ఆ ఇంట్లో చిన్నపిల్లలున్నారు. ఆ ఒక్క నిమిషం కోసమైనా ఆడిట్ పెట్టొచ్చు అనిపించింది నాకు.

పిల్లల గురించి కూడా చాలా అడిగాడు. పదిహేనేళ్ళలోపు పిల్లల్ని కూలికి పెట్టకూడదు, సొంత తోటలో అమ్మానాన్నలతో చిన్న పనులు బడి మానకుండా చేస్తే పర్లేదు, అది కూడా మందు జోలికి పోకుండా. కోతల్లో బడి ఖాళీ అయిపోయేది, నిజం దాచకుండా చెప్పాం. చివరికి మూడు తప్పులు రాసాడు. మందు డబ్బాలు, మందు కొట్టేవాళ్ళకి మాస్కులు గ్లౌజులు లేకపోవడం, మీటింగ్ మినిట్స్ పుస్తకంలో హాజరైనవాళ్ళ సంతకాలు లేకపోవడం. గడువు ఇచ్చాడు, సరిదిద్ది రుజువులు పంపాం, 2018 డిసెంబర్‌లో సర్టిఫికెట్ వచ్చింది. దాని గడువు మూడేళ్ళు, మధ్యలో కూడా తనిఖీలు ఉంటాయి.

ఇక డబ్బు విషయం, అందరూ అడిగేది ఇదే. మేం పండించే అరబికా రకం కాఫీకి ప్రపంచ రేటు న్యూయార్క్ మార్కెట్‌లో తేలుతుంది. ఫెయిర్ ట్రేడ్‌లో కడిగి ఆరబెట్టిన అరబికాకి అప్పట్లో కనీస ధర పౌనుకి 1 డాలర్ 40 సెంట్లు, 2011 నుంచి అదే. మార్కెట్ దానికంటే కిందకి పోతే 1.40 ఇవ్వాలి, పైకి పోతే మార్కెట్ రేటు ఇవ్వాలి, ఏదైనా సరే దాని మీద ఇంకో 20 సెంట్లు ప్రీమియం, అంటే సంఘం అంతటి కోసం విడిగా ఇచ్చే అదనపు డబ్బు. సేంద్రియమైతే ఇంకొంచెం ఎక్కువ. 2019 మేలో న్యూయార్క్ రేటు డాలర్ లోపు, 90 సెంట్ల చుట్టుపక్కల తిరుగుతోంది. మా మొదటి కంటైనర్ 1.40 కి వెళ్ళింది. ఫోన్‌లో మార్కెట్ రేటు చూసుకుని, టేబుల్ మీద ఉన్న కాంట్రాక్ట్‌లో అంకె చూసుకుని, మళ్ళీ ఫోన్ చూసుకున్నా. అధ్యక్షుడికి చదివి వినిపిస్తుంటే గొంతు వణికింది.

అయితే ఇక్కడ చాలామంది పొరపాటు పడే విషయం ఒకటుంది. ఆ 1.40 రైతు చేతికి వచ్చేది కాదు, ఓడ ఎక్కే దగ్గర సంఘానికి వచ్చే రేటు. అందులోంచి పల్పింగ్, మిల్లు, గోనెసంచులు, లారీ, ఎగుమతి కాగితాలు, సంఘం జీతాలు అన్నీ పోవాలి. ఇంకోటి, మేం పండించిన 60 టన్నుల్లో ఆ ముద్రతో అమ్ముడుపోయింది ఒక్క కంటైనర్, 19 టన్నులే. మిగతా 41 టన్నులు అవే చెట్లు, అవే చేతులు, అదే సర్టిఫికెట్, కానీ కొనేవాళ్ళు ఫెయిర్ ట్రేడ్ కింద తీసుకోలేదు కాబట్టి మామూలు రేటుకే పోయాయి, డాలర్ దగ్గర. రెండూ కలిపి సగటు చూస్తే ప్రీమియం కాకుండా 1 డాలర్ 13 సెంట్లు తేలింది. రైతుల్లో కొంతమందికి చాలా కోపం వచ్చింది, ఇంత చేసి ఇంతేనా అని, వాళ్ళ కోపంలో న్యాయం ఉంది. ముద్ర ఉన్న కాఫీ కొనేవాళ్ళు ఎంతమంది ఉంటే అంతే అమ్ముడుపోతుంది, సర్టిఫికెట్ గోడ మీద ఉన్నంత మాత్రాన గోడౌన్ ఖాళీ అవ్వదు. ఫెయిర్ ట్రేడ్ ప్యాకెట్ కొనడం వల్ల ఏమొస్తుంది అని అడిగేవాళ్ళకి నేను చెప్పే జవాబు ఈ 41 టన్నులే.

మరి మారింది ఏంటి అంటే, అడ్వాన్స్. సంఘం అడిగితే కాంట్రాక్ట్ విలువలో 60 శాతం దాకా ముందే డబ్బు వచ్చేలా కొనేవాళ్ళు చూడాలని రూల్స్‌లో ఉంది. మేం అడిగాం, వచ్చింది. ఆ ఏడాది కోతకి ముందు నెలల్లో మా సభ్యుల్లో సగానికి పైగా దళారి దగ్గర అప్పు చెయ్యలేదు. అప్పు లేదు కాబట్టి పండు ఎక్కడ పొయ్యాలో వాళ్ళిష్టం. నన్నడిగితే 1.40 కంటే ఇదే పెద్దది.

ఇంక ప్రీమియం మీటింగ్ గురించి చెప్పకుండా ఉండలేను. 19 టన్నులంటే దాదాపు 41,900 పౌన్లు, పౌనుకి 20 సెంట్ల చొప్పున 8,378 డాలర్లు వచ్చాయి. ఆ డబ్బు ఏం చెయ్యాలో సంఘం పెద్దలు నిర్ణయించకూడదు, సర్వసభ్య సమావేశంలో అందరూ తేల్చాలి, లెక్క విడిగా ఉంచాలి, 20 సెంట్లలో కనీసం 5 సెంట్లు దిగుబడికో నాణ్యతకో పెట్టాలి. బడి ఆవరణలో కూర్చున్నాం, పొద్దున పదింటికి మొదలైతే సాయంత్రం దాకా సాగింది. ముందు ఒకాయన లేచి తలా కొంచెం పంచేద్దాం అన్నాడు, నేను లెక్క చెప్పా, తలకి 40 డాలర్లు కూడా రాదు, నెల తిరిగేసరికి ఖర్చయిపోతాయి. తర్వాత మగవాళ్ళంతా పాత ట్రక్కు ఒకటి కొందాం అన్నారు, దాదాపు ఖాయం అయిపోయింది. అప్పుడు వెనక నుంచి ఒకామె, ఎప్పుడూ మాట్లాడని మనిషి, కూర్చునే ఉండి "ట్రక్కు కొంటే మీకు నడక తప్పుతుంది, గింజ నేల మీద ఆరబోసి వాన మొదలైనప్పుడల్లా వంగి ఎత్తుకునేది మేము, మా నడుములు ఎవరు చూస్తారు" అంది. ఒక్కసారి అంతా సైలెంట్ అయిపోయారు. ఆరబోసే పని అంతా ఆడవాళ్ళదే, రోజుకి అయిదారుసార్లు తిరగెయ్యాలి, నేల తడికి గింజ బూజు పట్టి మట్టి వాసన వస్తుంది, ఆ బస్తాలే తక్కువ రేటుకి పోయేవి. ఇన్నేళ్ళు రేటు తక్కువ వచ్చిందని లెక్కలు రాసిన నాకు కూడా దాని వెనక ఆ నేల ఉందని తట్టలేదు.

ఓటింగ్ పెట్టాం. ఆరబెట్టడానికి ఎత్తు బల్లలు, మీద ప్లాస్టిక్ కప్పు, రెండు పల్పర్ మిషన్లు. చేతులెత్తి లెక్కపెట్టాక ట్రక్కు ఓడిపోయింది. బల్లలు వచ్చాక ఏడాదికే బూజు వాసన ఫిర్యాదు పోయింది, 2020లో ఆ కంపెనీ రెండో కంటైనర్ అడిగింది. పల్పర్ ఉంది కాబట్టి పండు ఆ సాయంత్రమే అమ్మెయ్యాలన్న తొందర కూడా పోయింది, తోలు తీసి ఆరిన గింజ నెలలు నిలవుంటుంది కదా.

ఇదంతా చదివి మా కష్టాలు తీరిపోయాయి అనుకోవద్దు. 2021లో మేం గట్టి దెబ్బ తిన్నాం. మేలో రేటు 1.50 దగ్గర ఉంటే బావుంది కదా అని తొందరపడి ఒక కంటైనర్‌కి అప్పుడే రేటు ఫిక్స్ చేసుకున్నాం. జులైలో బ్రెజిల్‌లో మంచు పడి కాఫీ చెట్లు మాడిపోయాయి, నెలాఖరుకే రేటు 2 డాలర్లు దాటింది, మా కోత వచ్చేసరికి ఇంకా పెరిగింది. దళారులు కొండ మీదకి నగదు సంచులతో వచ్చారు. మా రైతులు అక్కడ పోసారు, 19 టన్నులు పంపాల్సిన చోట 11 మాత్రమే పంపగలిగాం. సంఘంలో కొందరు వాళ్ళని ద్రోహులు అన్నారు, నేను ఒప్పుకోలేదు. ఇంట్లో జబ్బు మనిషిని పెట్టుకుని, చేతికొచ్చే ఎక్కువ డబ్బు వదులుకోమని ఎవరికి చెప్తాం. తప్పు వాళ్ళది కాదు, రేటు ముందే బిగించుకున్న మాది. కనీస ధర రేటు పడినప్పుడు కాపాడుతుంది, పెరిగినప్పుడు కాంట్రాక్ట్ ఎలా రాసుకోవాలో మనమే నేర్చుకోవాలి. కొన్నవాళ్ళు మంచివాళ్ళు కాబట్టి మిగతా 8 టన్నులు తర్వాతి ఏడాదికి జరిపారు, అలా జరపకపోతే సంఘం మూతపడేదే. అప్పటి నుంచి సరుకు చేతికొచ్చాకే రేటు ఫిక్స్ చేస్తున్నాం, రోజూ న్యూయార్క్ రేటు సంఘం బయట బోర్డు మీద సుద్దతో రాస్తున్నాం.

2023 ఆగస్టు నుంచి కనీస ధర 1.80 చేసారు. పన్నెండేళ్ళ తర్వాత. ఎరువులు, కూలి ఈ పన్నెండేళ్ళలో ఎంత పెరిగాయో తలుచుకుంటే ఇది ఎప్పుడో చెయ్యాల్సింది. అయినా టైమ్‌కి అక్కరకొచ్చింది, అక్టోబర్‌లో మార్కెట్ 1.50 కి దిగితే మా రెండు కంటైనర్లూ 1.80 కే వెళ్ళాయి.

తర్వాత 2025 ఫిబ్రవరిలో రేటు 4 డాలర్లు దాటేసింది. కనీస ధరతో పనేముంది, ఈ ఆడిట్‌లు, ఈ పుస్తకాలు ఎందుకు, మానేద్దాం అన్నారు కొందరు, ముఖ్యంగా కుర్రాళ్ళు. మళ్ళీ బడి ఆవరణలోనే కూర్చున్నాం. కాటా గురించి నన్ను అడిగిన ఆ పెద్దావిడ ఇప్పుడు లేదు, ఆవిడ కోడలు వచ్చింది. "పాస్‌బుక్ తీసేస్తామంటే నేను ఒప్పుకోను, మిగతావి మీ ఇష్టం" అంది. చాలాసేపు వాదులాడుకుని ఓటు వేసాం, 118 మంది ఉంచాలన్నారు, 61 మంది వద్దన్నారు. ఆ 61 మంది కూడా సంఘంలోనే ఉన్నారు, మీటింగ్‌లకి వస్తున్నారు.

వచ్చే నెలలో మళ్ళీ ఆడిట్ ఉంది. పదకొండు పాస్‌బుక్‌లలో పోయిన కోత లెక్కలు ఎక్కించాల్సి ఉంది, ఆ ఇళ్ళన్నీ వాగుకి అవతలి వైపు ఉన్నాయి, వాన తగ్గితే రేపు పొద్దున్నే బయల్దేరతా.